దీపాలార్పే వారం

పడవలోంచి నా పెట్టెకంటే ముందు
నా తొందర దిగింది.
రేవులో ఎవారిస్టో అనే ముసలాయన
దాన్ని చూసి నవ్వి, పెట్టెను మాత్రం ఎత్తుకున్నాడు.
బస్సు ఎన్నింటికి అంటే
వచ్చినప్పుడు, అన్నాడు.
తర్వాత తెలిసింది, ఆ బస్సు నడిపేది ఆయనే.

డాక్టరు చీటీలో మందు లేదు.
పది రోజులు ఏమీ చేయవద్దు, అని మాత్రం ఉంది.
ఇరవై రెండేళ్ళు ఊరందరి లెక్కల్లో తప్పులు పట్టిన చేతులకి
ఏమీ చేయకపోవడం ఎంత చాకిరో
ఆయనకేం తెలుసు.

మొదటి రోజు జలపాతాలు లెక్కపెట్టాను.
కొండ కొమ్ము నుంచి అట్లాంటిక్ వైపు వేలాడే
తెల్లటి దారాలు. పదిహేడు.
మధ్యాహ్నం మబ్బు దిగాక తొమ్మిది.
సాయంత్రం వాన వెలిశాక ఇరవై మూడు.
మూడంకెలూ పుస్తకంలో రాసుకుని
ఏది సరైందో తేలక
తెల్లవార్లూ దొర్లాను.

ఫ్లోరెస్ అంటే పూలట.
అక్టోబరులో వచ్చినవాళ్ళకి
కంచెల పొడవునా హైడ్రాంజియాలు
ఉతికి ఉతికి వెలిసిన నీలం రవికల్లా.
బాగున్నాయి. వెలిసినా బాగున్నాయి.

దెయోలిండా ఇంటి తలుపుకి గొళ్ళెం ఉంది, తాళం లేదు.
దొంగలు రారా, అని సైగ చేశాను.
ఆమె గడ్డం ఎత్తి సముద్రాన్ని చూపింది,
వాడు మాత్రం ఎక్కడికి పోతాడు అన్నట్టు.

పెరటి వాగులో మోకాలిలోతు నీళ్ళలో
చామ ఆకులు!
నీటిబొట్టును అంటించుకోని అవే ఆకులు.
భూగోళం ఈ కొసన కూడా
ఉడికిన చామదుంప తొక్క తీస్తుంటే జారుతుంది,
వేళ్ళు దురద పెడతాయి.
ఆమె సాసేజీ ముక్కతో తింది,
నేను సంచిలోంచి కారప్పొడి తీశాను.
ఆమె ఒక్క వేలు ముంచి నాకి
అరగంటసేపు నన్ను తిట్టింది.
భాష రాకపోయినా తిట్లు అర్థమయ్యాయి.

నాలుగో రోజు గడియారం ఆగింది.
అయిదో రోజు గురించి రాయడానికేమీ లేదు.
నల్లరాళ్ళ మీద నడుం వాల్చాను.
ఒక ఆవు వచ్చి చూసి వెళ్ళింది.

ఎనిమిదో రాత్రి ఊళ్ళో దీపాలన్నీ పోయాయి.
అగ్గిపెట్టె కోసం తడుముతుంటే
దెయోలిండా మనవరాలు ఇరియా, తొమ్మిదేళ్ళది,
నా చేయి పట్టి వీధిలోకి లాగింది.
బడిలో నేర్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పింది:
కొండ బొరియల్లో పెరిగిన పిల్లపక్షులు
ఈ రాత్రుల్లోనే మొదటిసారి సముద్రానికి పోతాయి.
తల్లీతండ్రీ ముందే వెళ్ళిపోయాయి,
దారి చెప్పేవాళ్ళు లేరు.
వీధిదీపం కనబడితే అదే నీళ్ళమీది వెలుగనుకుని
తారు రోడ్డు మీద కూలబడతాయి.

అందుకని ఊరు ఊరంతా చీకట్లో,
గుసగుసగా, బిస్కెట్ల అట్టపెట్టెలు చంకన పెట్టుకుని.
ఎవారిస్టో బస్సును కూడా
దీపాలు వేయకుండా తోసుకొస్తున్నారు నలుగురు.

ఆర్పడానికి వీల్లేనిది రేవు దీపం ఒక్కటే.
దాని కింద దొరికింది మాకు,
బూడిదరంగు, బరువు, కోపం.
ఎత్తబోతే బొటనవేలు కొరికింది.
దెయోలిండా పిల్లి చెడ్డదట,
పెట్టె నా గదిలో పెట్టారు.
రాత్రంతా అట్టమీద గోళ్ళ గీకుడు.
బయట కొండమీద ఇంకా వెళ్ళని పెద్దపక్షులు
ముక్కు దిబ్బడేసిన పసిపిల్లల్లా ఏడుస్తున్నాయి.
నేను దేన్నీ లెక్కపెట్టలేదు. భయంతో వింటూ కూర్చున్నాను,
గీకుడు ఆగితే ఇంకా భయం.

తెల్లవారి రాళ్ళ మీదికి వెళ్ళాం.
విసరకు, అంది ఇరియా. చేతులు తెరువు, అంతే.
తెరిచాను.
అది కదలలేదు.
చూసింది. చాలాసేపు చూసింది.
నేను బోసి మణికట్టు వైపు ఒకసారి చూసుకుని సిగ్గుపడ్డాను.
తర్వాత ఎప్పుడో చేతుల్లో బరువు లేదు,
అలకూ అలకూ మధ్య ఒక బూడిద గీత,
ఏది అలో ఏది అదో.

ఇరియా బడి పుస్తకం తెరిచి నాకిచ్చింది,
నలభై ఒకటోది, నువ్వే రాయి, అని.
పై పేజీ కూడికలో ఒకటి తప్పు పోయింది.
నా కంట పడకుండా ఉంటుందా, పడింది.
బొటనవేలు ఇంకా మండుతోంది.
నలభై ఒకటి, అని రాశాను.